హాజరా పేరుకి అర్థం వెతికిన ఏడాది

పోయిన నెలలో ఒక ఉదయం రక్తపరీక్షకని ల్యాబు నుంచి ఒకమ్మాయి మా ఫ్లాటుకి వచ్చింది. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. తలకి నల్లటి స్కార్ఫు, చేతిలో చిన్న ఐసు పెట్టె. సోఫా అంచున కూచుని నా మోచేతి మడతలో నరం కోసం తడుముతుంటే, మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు సరిగ్గా నా కళ్ళకి ఎదురుగా వచ్చింది. కళ్ళజోడు లేకుండానే చదవగలిగాను. హాజరా. సూది ఎప్పుడు దిగిందో నాకు తెలియలేదు. "నీ పేరుకి అర్థం తెలుసా అమ్మా?" అని అడిగాను. "ఇబ్రహీం నబీగారి భార్య పేరాంటీ, ఇస్మాయిల్ గారి అమ్మ" అంది వెంటనే. "అర్థం మాత్రం... ఉండండి" అని దూది నా చేతికి నొక్కి పట్టించి ఫోను తీసింది. "ఒకచోట వలస వెళ్ళినది అని ఉంది. ఇంకోచోట ఇంకేదో ఉంది. మా నానమ్మల కాలం పేరాంటీ ఇది, ఇప్పుడెవరూ పెట్టుకోరు. మా అక్క కూతురికి ఇనాయా అని పెట్టారు. వాళ్ళ స్కూల్లో ఇనాయాలు నలుగురు" అని నవ్వి, సీసాల మీద నా పేరు రాసుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్లకి పట్టింది అరనిమిషం. అదే అర్థం కోసం నేనూ, ఇంకొక హాజరా, చోడవరంలో ఒక ఏడాదంతా తిరిగాం. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినాలనిపించలేదు. బాల్కనీలో కూచుంటే, ఎక్కడో దూది ఏకుతున్న చప్పుడు వినిపించినట్టయింది. ఈ కాలంలో, ఈ ఆరో అంతస్తులో, దూది ఏకేవాళ్ళెవరుంటారు?

మేమప్పుడు చోడవరంలో తాలూకాఫీసు వెనక వీధిలో ఉండేవాళ్ళం. నాన్న ఆ ఆఫీసులోనే గుమస్తా. ఆ ఇంటిని తల్చుకుంటే నాకు ముందు గదులు కాదు, వాసనలు గుర్తొస్తాయి. పొద్దున్నే అమ్మ బొగ్గుల కుంపటి మీద కాఫీ గింజలు వేయించే వాసన, తొమ్మిదింటికి గుమ్మం దాటుతున్న నాన్న చొక్కా మీంచి గంజి వాసన. చెరుకు ఆడే రోజుల్లో అయితే ఊరంతటికీ ఒకటే వాసన, ఉడుకుతున్న చెరుకురసంది. పుస్తకాలకీ, దుప్పట్లకీ, తలవెంట్రుకలకీ పట్టేసేది. నిద్రలో పెదాలు తడుపుకుంటే తీపి తగులుతుందేమో అనిపించేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనమ్మ వీధరుగు మీద చాప వేసుకుని, పాత చీరలు మడతలు పెట్టి బొంతలు కుట్టేది. చిన్నవయసులోనే భర్తని పోగొట్టుకున్న మనిషి. ఆ బొంతలు కుట్టే, అప్పడాలు ఒత్తే మా నాన్నని చదివించింది. కొడుకు ఉద్యోగంలో కుదిరాక కూడా సూది వదల్లేదు. చూపు ఆనక, దారం ఎక్కించడానికి మాత్రం నన్ను పిలిచేది. కుట్టు మీద వంగిన ఆ తెల్లటి తల, ఆ నీరెండ, పక్కన వక్కాకు పెట్టె, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అలాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నాల్లోనే వీధి చివర నుంచి విల్లు మోగేది. అక్కడ దూదేకుల సాయిబు ఇల్లు. మనిషి నిలువంత విల్లుని పైకప్పు దూలానికి వేలాడదీసి, దాని తీగని దూదిలో ముంచి, చెక్క గూటంతో కొడుతూ ఉండేవాడు. డొయ్ఁ, డొయ్ఁ, డొయ్ఁ. తీగ తగిలిన దూది ముద్ద విడిపోయి, గాల్లోకి లేచి, కిటికీలోంచి పడే ఎండలో తేలుతూ తేలుతూ కిందికి దిగేది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఎంతసేపైనా ఉండిపోయేదాన్ని. ఆ గదిలో మనుషులు కూడా కొంచెం తేలుతున్నట్టే కనిపించేవారు. మూల కూచుని పరుపు గలీబులు కుడుతున్న సాయిబు భార్య, ఆవిడ పక్కన దబ్బనంతో కుచ్చులు వేస్తున్న హాజరా, ఇద్దరి కనురెప్పల మీదా దూదే. హాజరాదీ నాదీ ఒకటే తరగతి. సాయిబు పేరు మస్తాను, ఆయన భార్య పేరు పోలమ్మ. ఇంట్లో మాట్లాడేదంతా మన తెలుగే. ఆ ఇంట్లో ఆ పిల్లకి మాత్రం ఆ పేరు ఎలా వచ్చిందో వీధిలో ఎవరికీ అంతుపట్టేది కాదు. మా నాయనమ్మకి నోరు తిరగక 'ఆజరమ్మా' అనేది.

ఎనిమిదో తరగతిలో మా తెలుగు మేష్టారే క్లాసు మేష్టారు కూడా. రిటైరవడానికి దగ్గర్లో ఉన్నారు, కళ్ళకి పొర కమ్ముతోంది. అందుకని క్లాసు లీడరునైన నా చేతే పేర్లు పిలిపించి, నా చేతే రిజిస్టర్లో గుర్తులు పెట్టించేవారు. నేను "హాజరా" అని పిలిచేసరికి ఆ పిల్ల లేచి "హాజరండీ" అనేది. క్లాసంతా గొల్లున నవ్వేది. రోజూ అదే పిలుపు, అదే జవాబు, అదే నవ్వు. హాజరా తల వంచుకునేది. ఒకరోజు ఆ నవ్వు మేష్టారికి విసుగు తెప్పించినట్టుంది, రేపు అందరూ మీమీ పేర్ల అర్థం కనుక్కుని రండి అన్నారు. మర్నాడు ఒక్కొక్కళ్ళం లేచి చెప్పాం. శారద అంటే సరస్వతి, మన ఏరు పేరు కూడానండీ అని నేను గొప్పగా చెప్పాను. హాజరా వంతు వచ్చింది. లేచి, లంగా అంచు నలుపుతూ, "మా ఇంట్లో ఎవులికీ తెల్దండి" అంది. ఈసారి ఎవరూ నవ్వకముందే మేష్టారు చెయ్యెత్తారు. "అర్థం లేని పేరుండదమ్మా. మనకి తెలియలేదంటే మన చదువు తక్కువని. నాకూ తెలీదు. కనుక్కుని వచ్చి నాకు చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి తనకి తెలియదని ఒక దూదేకుల పిల్లతో అనడం ఆరోజు మాకు చాలా వింతగా తోచింది. హాజరా ఆ మాటని పట్టుకుంది. సాయంకాలం బడి నుంచి ఇంటికి నడుస్తూ, "ఒసే శారదా, కనుక్కుందామే. మేష్టారికే తెల్దంట" అంది. ఆ గొంతులో భయం లేదు. ఏదో గుప్తనిధి తవ్వడానికి పిలుస్తున్నట్టుంది.

ముందు వాళ్ళ నాన్ననే అడిగాం. సాయిబు విల్లు ఆపి చేతులు దులుపుకున్నాడు. "నువ్వు పుట్టినప్పుడు మక్కా ఎల్లొచ్చిన ముసిలాయనొకరు అనకాపల్లి నుంచి ఎల్తా మనింట్లో ఒక పూటాగేరు. ఆయనే నీ సెవిలో పిలిసేరు. పెద్దోల్ల పేరు, మంచి పేరు అన్నారు."

"అర్దం ఏటని అడగనేదా?" అంది హాజరా.

"మంచి పేరన్నాక ఇంకేటడుగుతాం అమ్మా?"

బజార్లో ఉన్న టైలరుకి ఉర్దూ వస్తుందంటే అక్కడికి వెళ్ళాం. ఆయన మిషను ఆపకుండానే, హజార్ అంటే వెయ్యి అన్నాడు. వారం రోజులు క్లాసులో దాన్ని 'వెయ్యీ' అని పిలిచారు. చివరికి మా నాన్న దగ్గరికొచ్చాం. నాన్నకి ఆఫీసు మాటలంటే ప్రాణం. "మా ఆఫీసులో సగం మాటలు అక్కణ్ణుంచి వచ్చినవేనమ్మా. తాలూకా, వసూలు, జవాబు, రద్దు, హాజరు. అరబ్బు దేశంలో పుట్టి ఎన్ని ఊళ్ళు తిరిగి మన చోడవరం వచ్చేయో సూడండి" అని, మర్నాడు ఆఫీసు బీరువాలోంచి అట్ట ఊడిపోయిన పాత మాటల పుస్తకమొకటి తెచ్చారు. అందులో హాజరు అంటే 'ఎదుట ఉండుట' అని ఉంది. హాజరా కళ్ళు మెరిశాయి. "అయితే నా పేరుకి ఉన్నదీ అని అర్దం" అంది. వీధి పొడుగునా "ఉన్నది, ఉన్నది" అనుకుంటూ గెంతింది. నాన్న మాత్రం తల అడ్డంగా ఊపారు. "ఇది హాజరు. పిల్ల పేరు హాజరా. అక్షరం తేడా వస్తే మనిషే మారిపోతాడు. మా మున్షీగారిని అడగాలి" అన్నారు. మున్షీగారంటే నాన్న పైన పనిచేసి రిటైరై విశాఖలో స్థిరపడిన పెద్దాయన, ఉర్దూ అరబ్బీ బాగా తెలిసినవారు. ఆయనకి ఒక కార్డు రాశారు. నెలలు గడిచాయి, జవాబు రాలేదు. హాజరాకి ఇంకేమీ అక్కర్లేకపోయింది. ఉన్నది అనే అర్థంతోనే హాయిగా ఉంది. ఇప్పుడు నేను పేరు పిలిచినప్పుడు తల ఎత్తి జవాబు చెప్పేది.

మాఘమాసం వచ్చింది. పెళ్ళిళ్ళ ముందు ఊళ్ళల్లో పరుపులు ఏకించుకునే రోజులు. ఏటా సాయిబూ పోలమ్మా విల్లు బండిలో వేసుకుని రావికమతం, రోలుగుంట వైపు ఊళ్ళు తిరిగేవారు, హాజరా వాళ్ళ పిన్ని ఇంట్లో ఉండి బడికి వచ్చేది. ఆ ఏడు పోలమ్మ నూతి గట్టు మీద జారి చేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. గలీబులు కుట్టేవాళ్ళు లేరు. హాజరా బడి మాని తండ్రితో బండెక్కింది. వెళ్ళేముందు మా అరుగు దగ్గరికొచ్చి, "రెండు నెల్లు పడతాదే. హాజరు తక్కువైతే పరీక్షకి కూసోనివ్వరంట కదే?" అంది.  మర్నాడు పేర్లు పిలుస్తూ దాని పేరు దగ్గరికి వచ్చాను. కాసేపు ఆగాను. వెనక బెంచీ నుంచి ఎవరో సన్నగొంతుతో "హాజరండీ" అన్నారు. కిసుక్కున నవ్వారు. మేష్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నా చెయ్యి దానంతటదే గుర్తు పెట్టేసింది. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. రోజుకొకళ్ళు జవాబు చెప్పేవారు, నేను గుర్తు పెట్టేదాన్ని. ఆ నెల రోజులూ దాని ఖాళీ చోటు పక్కన కూచుంటే నాకు అది నిజంగానే అక్కడున్నట్టు ఉండేది. దాని జడలోని దూది వాసన కూడా వచ్చేది.

అప్పుడే ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. రిజిస్టరు తనే తీసుకుని పిలవడం మొదలెట్టారు. "హాజరా?" అన్నారు. మూడు మూలల నుంచి మూడు గొంతులు ఒక్కసారే "హాజరండీ" అన్నాయి. ఆయన కళ్ళజోడు తీసి మమ్మల్ని చూశారు. తలలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువొచ్చింది. తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. హెడ్మాష్టారి గదిలో ఫినాయిలు వాసన. గుర్తులన్నీ ఎవరు పెట్టారని అడిగితే నేనని చెప్పడం. మా తెలుగు మేష్టారు గోడ పట్టుకుని నిలబడి ఉండటం. హెడ్మాష్టారు ఎర్రసిరా కలం తీసి, స్కేలు పెట్టి, హాజరా పేరు మీద అడ్డంగా గీత గీశారు. ఆ గీత ఎంత నెమ్మదిగా గీశారో. నా పేరు మీద గీసి ఉంటే బాగుండునని నిలబడ్డచోటే అనుకున్నాను.

సాయంకాలం నాన్న ఆఫీసు నుంచి రాగానే అమ్మ చెప్పేసింది. నాన్న కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని, నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. "అబద్ధం ఆడడం ఒక తప్పు. దాన్ని రిజిస్టర్లోకి ఎక్కించడం ఇంకా పెద్ద తప్పు. నోటిమాట పోతాది. రాసింది ఉండిపోతాది" అన్నారు. ఆయన బతుకంతా రిజిస్టర్ల మధ్యే గడిచింది. తర్వాత, "పేరు కొట్టీసేరని ఆ పిల్లకి తెలీదు. ఆదివారం సైకిలెక్కు. నువ్వే సెప్పాలి" అన్నారు.

ఆ సైకిలు ప్రయాణం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. క్యారేజీ మీద కూచుని నాన్న చొక్కా పట్టుకున్నాను. రావికమతం దారి పొడుగునా కొట్టేసిన చెరుకు తోటలు, వాటి మధ్య పూతకొచ్చిన మామిళ్ళు. పూత వాసన ఒక్కొక్క మలుపులో ఒక్కొక్క రకంగా తగిలేది. దూరంగా కొండలు నీలంగా, మాతోపాటు కదులుతున్నట్టు. ఎత్తు వచ్చినచోటల్లా నాన్న "దిగమ్మా" అనేవారు. చెప్పవలసిన మాటని లోలోపల ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఊరు కనబడకముందే విల్లు వినబడింది. ఆ చప్పుడు పట్టుకునే వెళ్ళాం. ఒక రైతు ఇంటి పశువులశాలలో సాయిబు దూది ఏకుతున్నాడు. హాజరా గడప దగ్గర కూచుని గలీబు కుడుతోంది. నన్ను చూడగానే సూది గుచ్చి లేచి పరిగెత్తుకొచ్చింది. జుట్టంతా తెల్లగా ఉంది, ముసలిదానిలా. చెప్పాను. అన్నీ చెప్పాను. అది వింటూ వింటూ మళ్ళీ వెళ్ళి కూచుని సూది తీసింది. నాలుగు కుట్లు వేసింది.

"నాను అక్కడ లేను కదా. ఉన్నానని ఎందుకు రాసేవే?"

"నీ పరీక్ష పోతాదనే."

"రాస్తే ఉన్నట్టేనేటే?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నాకు ఏడుపొచ్చింది. సాయిబు విల్లు ఆపేశాడు.  "ఏడవకమ్మా. నా కూతురు కోసమే కదా సేసినావు" అని, మా నాన్న వైపు తిరిగి, "బాబూ, దానికి సదువు రాసిపెట్టి నేదనుకుంటాను. ఇలాగే కుట్టుకుంటాది" అన్నాడు. నాన్న హాజరా కుడుతున్న గుడ్డ అంచు పట్టుకుని కుట్లని చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు సోమవారం పోస్టుమేను మున్షీగారి కార్డు తెచ్చాడు. ఒంట్లో బాగోక ఆలస్యమైందని మొదలుపెట్టారు. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు, కార్డు అంచుల దాకా ఇరికించి రాశారు. నాన్న అరుగు మీద కూచుని పైకి చదివారు. హాజరు వేరు, హాజరా వేరు, అరబ్బీలో రెంటికీ అక్షరాలే వేరు. హాజరా ఇబ్రహీం ప్రవక్త గారి భార్య. పాలుతాగే బిడ్డతో ఆమె నీళ్ళూ నీడా లేని ఎడారిలో ఒంటరిగా ఉండవలసి వచ్చింది. తోలుతిత్తిలో నీళ్ళయిపోయాయి, బిడ్డ గుక్కపెట్టాడు. ఎవరైనా కనిపిస్తారేమోనని ఆమె ఈ గుట్ట నుంచి ఆ గుట్టకి, ఆ గుట్ట నుంచి ఈ గుట్టకి ఏడుసార్లు పరిగెత్తింది. చివరికి బిడ్డ దగ్గరే నీటి ఊట పుట్టింది. ఆ నీళ్ళు చూసి మనుషులొచ్చారు, ఊరు కట్టుకున్నారు, అదే మక్కా. యాత్రకి వెళ్ళినవాళ్ళంతా నేటికీ ఆ తల్లి తిరిగిన దారినే తిరుగుతారు. పేరుకి అర్థం ఇదీ అని పండితులు తేల్చలేదు. ఉన్నచోటు విడిచి వెళ్ళినది అని కొందరంటారు. అరబ్బు దేశానికి దక్షిణాన ఏదో ప్రాచీన భాషలో ఆ ధ్వనికి ఊరు అని అర్థమట. ఇందులో ఏది సరైనదో నాకు తెలియదు, పిల్లకి నా ఆశీస్సులు. అంతే.

నాయనమ్మ సూది ఆగిపోయింది. "ఇంకోపాలి సదువు" అంది. నాన్న మళ్ళీ చదివారు. "ఏ ఊరిదిరా ఆ తల్లి?" అని అడిగింది. నాన్న ఏదో చెప్పబోయారు, ఆవిడ వినలేదు. "నిన్ను సంకనేసుకుని నానూ ఇలాగే తిరిగేనురా. ఏ గుమ్మం కాడ అప్పడాలు కొంటారా, ఏ గుమ్మం కాడ బొంత కుట్టించుకుంటారా అని. ఎన్నిసార్లు తిరిగేనో నాను లెక్కెట్టుకోలేదు" అంది.  నాకు పదమూడేళ్ళొచ్చేవరకు నాయనమ్మ ఆ రోజుల గురించి మాట్లాడగా వినలేదు. కాసేపటికి ఆవిడే, "ఆ గుంట పేరు ఎంత పేరురా! అలాంటి పేరు పెట్టుకుని పరుపులు కుట్టుకుంటూ కూసోడమేటి? ఆ గలీబులేవో నువ్వే అట్టుకురా. నాను కుడతాను" అంది. అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి ఆశ్చర్యంగా చూసింది. దూదేకుల ఇంటి నుంచి వచ్చిన పరుపు మీద పసుపునీళ్ళు చల్లి కానీ లోపలికి రానివ్వని మనిషి మరి నాయనమ్మ. ఆ వారం నుంచి నాన్న ఆదివారం ఆదివారం రావికమతం వైపు వెళ్ళి చారల గుడ్డ తెచ్చేవారు, కుట్టినవి పట్టుకెళ్ళేవారు. మధ్యాహ్నాలు నాయనమ్మా, అమ్మా, నేనూ అరుగు మీద కూచుని కుట్టేవాళ్ళం. దారాలన్నీ నేనే ఎక్కించేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు వచ్చి ఇదేమిటని అడిగితే నాయనమ్మ ఆ తల్లి కథంతా చెప్పేది, చెప్పిన ప్రతిసారీ ఎడారి ఇంకాస్త పెద్దదయ్యేది.

కుట్టుపని మా అరుగు మీదికి రావడంతో హాజరా తిరిగొచ్చింది. తిన్నగా హెడ్మాష్టారి గదికి వెళ్ళింది. గుమ్మం బయట నేనున్నాను. పేరు కొట్టేశాక క్లాసులో కూచోనివ్వడానికి తనకి అధికారం లేదన్నారాయన. "రిజిస్టర్లో లేను కదండి. వరండాలో కూసుంటానండి" అంది. ఆయన మళ్ళీ కాగితాల్లోకి తల దించుకున్నారు. ఆ రోజు నుంచి వరండాలో, కిటికీ కింద, గోడకి ఆనుకుని కూచుంది. ఎండ జరిగితే అదీ జరిగేది. ఇన్‌స్పెక్టరు వచ్చిననాటి నుంచీ రిజిస్టరు తనే పట్టుకుంటున్న మేష్టారు, మొదటి రోజు పేర్లు పిలవడం కాగానే లేచారు. కుర్చీ కిటికీ పక్కకి లాక్కుని, ఆ రోజు పాఠం ఎన్నడూ లేనంత గట్టిగా చెప్పారు. రెండు వారాలు అలా గడిచాయి. ఆ తర్వాత మేష్టారు పైకి ఒక కాగితం రాశారని తెలిసింది. రిజిస్టరు పిల్లల చేతికివ్వడం తన తప్పేనని, పిల్లలది కాదని, అనుమతిస్తే ఆ విద్యార్థిని పరీక్ష రాస్తుందని. ఆయనకి మెమో వచ్చింది, హాజరాకి అనుమతి వచ్చింది. పట్టీలో అందరికంటే కింద, కొత్త నంబరుతో దాని పేరు మళ్ళీ ఎక్కింది. ఆ సాయంకాలం ఇద్దరం మేష్టారింటికి వెళ్ళి మున్షీగారి కార్డు చదివి వినిపించాం. ఆయన అరుగు మీద కళ్ళు మూసుకుని విన్నారు. "చూశావా, నాకు తెలీదన్నాను. ఇప్పుడు తెలిసింది" అన్నారు. మెమో సంగతి మా దగ్గర ఎత్తనే లేదు.

తర్వాత సంవత్సరాలు వేరే దార్లు పట్టాయి. నేను విశాఖలో కాలేజీ, బ్యాంకు ఉద్యోగం, పెళ్ళి. హాజరా టీచరు ట్రైనింగు అయి, చీడికాడ దాటాక కొండ కింద ఒక చిన్న ఊళ్ళో ఒక్క టీచరుండే బడికి వెళ్ళింది. అంతకుముందు వచ్చిన టీచర్లంతా పొద్దున్న బస్సుకొచ్చి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేవారట. ఇది అమ్మానాన్నలని తీసుకెళ్ళి అక్కడే కాపురం పెట్టింది. నాకు కూతురు పుట్టాక, ఐదో నెలలో, పిల్లని ఎత్తుకుని దాన్ని చూడ్డానికి వెళ్ళాను. బస్సు దిగి నడుస్తుంటే ఒక ఇంటి ముందు ఒకావిడ, "ఒసే ఆజరా, బురదలోకెల్లకే" అని అరుస్తోంది. తిరిగి చూస్తే రెండేళ్ళ పిల్ల, మొలతాడు తప్ప ఒంటి మీద ఇంకేమీ లేదు. నాలుగిళ్ళు దాటేసరికి ఇంకో ఆజరమ్మ. ఆ తల్లినే అడిగాను, ఈ పేరెక్కడిదమ్మా అని. "మా టీచరమ్మదండి. సదువుకున్న ఆడమనిసి మాకు తెలిసింది ఒకర్తే కదండీ" అంది. ఆ పేరు ఏ మతానిదో, ఏ దేశం నుంచి వచ్చిందో ఆవిడకి పట్టలేదు. పంచాయతీ పుస్తకంలో అప్పటికి మూడు రాశారట.

హాజరా నా చేతుల్లోంచి పిల్లని అందుకుని పేరేమిటని అడిగింది. "స్వప్న" అన్నాను. అని ఊరుకోలేకపోయాను. పిల్ల పుట్టినప్పుడు నీ పేరు పెట్టాలనుకున్నానని, ఒక్కసారి మా అత్తగారి ముందు నోరు తెరిచి అన్నానని, ఆవిడ, నా భర్త, చివరికి మా అమ్మ కూడా నా వంక ఒకలాగ చూశారని, రెండోసారి అనే ధైర్యం చాలక ఊరుకున్నానని చెప్పాను. నాయనమ్మ అప్పటికి లేదు. ఉండి ఉంటే ఏమనేదో! బ్యాంకులో ఇంత ఉద్యోగం చేస్తున్న నాకు, బడి గడప తొక్కని ఆ తల్లులకున్నంత ధైర్యం లేకపోయిందన్న మాట గొంతులోనే ఉండిపోయింది. హాజరా కాసేపు పిల్ల మొహంలోకి చూసింది. "పోనీలేవే. ఈ పూటకి నాకిచ్చీ, నాను పిలుసుకుంటాను" అంది. ఆ మధ్యాహ్నమంతా పిల్లని భుజాన వేసుకుని వసారాలో తిరుగుతూ, "ఒసే హాజరా, ఓలమ్మ హాజరా" అని పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు విని వీధిలో ఆడుకుంటున్న ఆజరలు ఒక్కొక్కరే వచ్చి, గడప పట్టుకుని, తమని కాదని తెలిసి కూడా వెళ్ళకుండా నిలబడ్డారు. నా కూతురు దాని భుజం మీంచి వాళ్ళని చూసి కాళ్ళు ఝాడిస్తూ నవ్వింది. బస్సు వేళకి పిల్లని మళ్ళీ నా చేతుల్లో పెట్టింది. "ఎల్లి రా" అంది, నాతోనో దానితోనో.

ఇప్పుడు పేర్ల పుస్తకాలే అక్కర్లేదు, అందరికీ అన్ని అర్థాలూ చేతిలోనే ఉన్నాయి. పేరు పెట్టాలంటే మాత్రం మేము వెనక్కి తగ్గినదానికంటే ఎక్కువే తగ్గుతున్నారేమో అనిపిస్తుంది నాకు. స్వప్నకి ఈమధ్యే నలభై దాటాయి. ఒక మధ్యాహ్నం పాటు తనకి ఇంకో పేరుండేదని నేను ఎన్నడూ చెప్పలేదు. ఇది చదివాకే తెలుస్తుంది.